గాలిసందు మీద మూత

భూమి వేడెక్కిపోతోందని ఆ ఊళ్ళో అందరికంటే ముందు చెప్పినవాడు భూగోళం మాస్టారు. ఈ సంగతి ఆయనే అందరికీ చెబుతుంటాడు కాబట్టి నమ్మక తప్పదు. బడిలో భూగోళశాస్త్రం చెప్పే రోజుల్లో పిల్లలు చాటుగా పెట్టిన పేరది. రిటైరయ్యాక ఆయనే దాన్ని బిరుదు కింద వాడుకోవడం మొదలుపెట్టాడు. ఎవరు ఎక్కడ మొక్క నాటినా ఫోటోలో నట్టనడుమ ఆయన ఉండాల్సిందే. ఆ నాటిన మొక్క బతికిందా, చచ్చిందా అని మర్నాడు వెనక్కి తిరిగి చూసిన పాపాన మాత్రం పోలేదు.

ఆయన ఉపన్యాసానికి అంత గిరాకీ ఉండడానికి కారణం రెండు గాజుపెట్టెలు. బల్ల మీద పక్కపక్కన పెడతాడు. ఒకదానికి మూత ఉంటుంది, రెండోదానికి ఉండదు. రెండింట్లోనూ ఒక్కో థర్మామీటరు. పైన పెద్ద బల్బు వెలిగించి గొంతు సవరించుకుంటాడు. బొగ్గు కాలుస్తున్నామంటాడు, పెట్రోలు కాలుస్తున్నామంటాడు, అడవుల్ని అడ్డంగా నరికేస్తున్నామంటాడు. ఆ వాయువులన్నీ పైకి పోయి భూమికి మూత వేస్తున్నాయనీ, లోపలికొచ్చిన వేడికి బయటికి పోయే దారి లేదనీ, అందుకే మంచుకొండలు కరుగుతున్నాయనీ, సముద్రం ఊళ్ళ మీదికి వస్తోందనీ, వాన రావాల్సినప్పుడు మొహం చాటేసి, రాకూడనప్పుడు కొంపలు ముంచుతోందనీ చెబుతాడు. ఈలోగా మూతపెట్టెలో థర్మామీటరు పైకి పాకుతుంది. అప్పుడు ఆయన చెయ్యెత్తి అడుగుతాడు.

"మరి ఈ మూత తీసేదెవరు?"

"మనమే!" అని హాలు దద్దరిల్లుతుంది. మాస్టారు రెండు వేళ్ళతో మూత ఎత్తి పక్కన పెడతాడు. చప్పట్లు. ఒక షీల్డు. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆ షీల్డులన్నీ ఇంటి ముందుగదిలో గోడ కనపడకుండా నిండిపోయాయి.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి చెప్పాలి. నాలుగంతస్తుల బిల్డింగు. మాస్టారిది పైఅంతస్తు. బిల్డింగు నడిమధ్యలో గాలికీ వెలుతురుకీ కట్టినవాడు వదిలిన ఖాళీ ఉంది, కింద నుంచి పైదాకా బావిలా నిలువుగా. అందరూ దాన్ని గాలిసందు అంటారు. ఏసీల బయటిపెట్టెలు ముందుగోడకి తగిలిస్తే బిల్డింగు అందం చెడుతుందని ఫ్లాట్ల సంఘం తీర్మానం చేసింది. కాబట్టి పెట్టెలన్నీ గాలిసందులో వేలాడుతున్నాయి. కింద ప్రతి ఇల్లూ తన పడకగది చల్లబరుచుకుని ఆ వేడిని సందులోకి ఊదేస్తుంది. గడప దాటిన వేడి ఎటు పోతే ఎవడిక్కావాలి? అదృష్టం బాగుండి సందుకి పైన కప్పు లేదు. వేడి పైకి లేచి తన దారిన తాను పోయేది.

అలా పోతుంటే మాస్టారికి తోచలేదు కాబోలు. ఒకసారి ఫంక్షనుకి బయల్దేరబోతూ, సందులో ఆరేసిన తెల్లచొక్కా చేతిలోకి తీసుకుంటే వీపు నిండా పావురాల రెట్ట. అంతే, అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆయనేగా. మీటింగు పెట్టాడు. సందు నెత్తిన పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు వేయించాలన్నాడు. "వెలుతురు వస్తుంది, పావురం రాదు," అని తనే మురిసిపోయాడు. రేకుని నాలుగువైపులా స్క్రూలతో బిగించారు. వానచుక్క దూరకుండా అంచుల్లో లప్పం కూడా పెట్టించాడు మహానుభావుడు. రిబ్బను తనే కత్తిరించాడు. గాజుపెట్టె మూత చూపించి ఊరూరా గొంతు చించుకున్న మనిషి, తన కిటికీ నెత్తిన అలాంటి మూతే వేయించి, దాని పక్కన నిలబడి పళ్ళికిలించి ఫోటో దిగాడు. చుట్టూ ఉన్న చదువుకున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒక్కడికీ అనుమానం రాలేదు.

గాలిసందులోకి తెరుచుకునే కిటికీ మాస్టారింట్లో వెనకగదిది. ఆ గదిలో మంచం మీద మాస్టారి భార్య ఉంది.

ఆవిడకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. మాస్టారితో కాపురం చేసినన్నాళ్ళూ ఆవిడకి మాట్లాడే వంతు రాలేదు. ఆయన రిటైరై ఇంటిపట్టున కాస్త తీరిగ్గా కూర్చునే వేళకి మాటే లేకుండా పోయింది. మాటలు నేర్పే డాక్టరమ్మ వారానికోసారి వస్తుంది. "ఆశ వదులుకోకండి. మాట వచ్చినప్పుడు దానంతటదే వస్తుంది. ముందు చిన్న మాటలు వస్తాయి," అని చెప్పింది. అప్పట్నుంచీ కూతురు రోజూ తల్లి ఎదురుగా కూర్చుని "అమ్మా, నీళ్ళు అను... రా అను... పో అను," అని బతిమాలుతూనే ఉంది. తల్లి పెదవులు కదిలేవి. గాలి తప్ప మరేం వచ్చేది కాదు.

కూతురు మందుల షాపులో కౌంటరు దగ్గర పని చేస్తుంది. తల్లి మంచాన పడ్డప్పుడు చూసుకోవడానికని వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పగలు తను షాపులో ఉన్నంతసేపూ తల్లి దగ్గర ఆయా ఉంటుంది. ఆ యేడు ఎండలు ముందే ముదిరాయి. షాపుకొచ్చేవాళ్ళలో సగం మంది వడదెబ్బకి ఉప్పుచక్కెర పొడి ప్యాకెట్లు అడిగేవాళ్ళే. అవి ఎత్తి ఎత్తి కూతురి భుజాలు పడిపోతున్నాయి. అయినా రోడ్డు మీది ఎండ కంటే వెనకగదిలో వేడి ఎక్కువగా ఉందని ఆమెకి అనుమానం వచ్చింది.

కరెంటు పోతే పనికొస్తుందని కిటికీ గట్టు మీద ఒక కొవ్వొత్తి నిలబెట్టి ఉంచింది. ఒకనాడు షాపు నుంచి వచ్చి చూస్తే అది నడుము విరిగిన ముసలాడిలా వంగి, తల గట్టుకి ఆనించి పడుకుని ఉంది. ఎవరూ వెలిగించలేదు. దాని పక్కనే తల్లి మాత్రలు. అట్ట మీద 'చల్లని పొడి ప్రదేశంలో ఉంచవలెను' అని రాసి ఉంది. కూతురు ఆ మాత్రలు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. పెట్టి, తలుపు వేసి, అక్కడే నిలబడిపోయింది. మాత్రలకి ఉన్న మర్యాద కూడా అమ్మకి లేదే అనిపించి ఏడుపొచ్చింది.

"నాన్నా, వెనకగది కాలిపోతోంది. కిటికీ తీస్తే ఇస్త్రీపెట్టె మొహానికి తగిలించినట్టుంది. అమ్మ ఎలా ఉంటుంది అందులో?"

మాస్టారు ముందుగదిలో బాల్కనీ గాలికి కాళ్ళు చాపుకుని ఉపన్యాసం రాసుకుంటున్నాడు. కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ప్రపంచమంతా వేడెక్కుతుంటే మన గది ఒక్కటీ చల్లగా ఎలా ఉంటుంది అమ్మాయ్? ఇదంతా పెద్దపెద్ద ఫ్యాక్టరీల వాళ్ళు చేసిన పాపం. మనం సర్దుకుపోవాలి."

"ఏసీ పెట్టిద్దాం."

"నా ఇంట్లో ఏసీయా? రేపు స్టేజీ ఎక్కి ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?"

మాస్టారింట్లో ఏసీ లేదన్నది ఊళ్ళో ఇంకో గొప్ప. ఆ మాట ప్రతి సభలోనూ చెప్పిస్తాడు.

"పోనీ అమ్మ మంచం ముందుగదిలోకి మారుద్దాం."

"వచ్చేపోయేవాళ్ళు ఉంటారు కదమ్మా. ఎండలు తగ్గేదాకా ఓపిక పట్టండి," అని మళ్ళీ కాగితాల్లో తల దూర్చాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడు కూతురు వెనకగదికి వెళ్ళి కిటికీలోంచి తల బయటికి పెట్టి పైకి చూసింది. రేకులోంచి ఎండ ధారగా దిగుతోంది. కింద అంతస్తుల పెట్టెలన్నీ గుర్రుమంటూ వేడి ఊదుతున్నాయి. ఆ వేడి పైకొచ్చి, రేకుకి కొట్టుకుని, పోయే దారి లేక ఈ కిటికీ దగ్గరే పోగుపడుతోంది. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు ఆ గాజుపెట్టెలు ఒళ్ళో పెట్టుకుని తండ్రి వెంట సభలకి మోసుకెళ్ళింది తనే. 'మనమే!' అని అందరికంటే గట్టిగా అరిచిందీ తనే. ఇప్పుడు మూతపెట్టెలో థర్మామీటరు ఉండాల్సిన చోట అమ్మ ఉంది.

సాయంత్రం ఆ సంగతి తండ్రికి చెబితే మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, "అది వేరు, ఇది వేరు. శాస్త్రాన్ని ఇలా వంటింటి స్థాయికి దించకూడదు. అయినా అది సంఘం ఆస్తి. మీటింగులో పెడదాం," అన్నాడు.

మీటింగు సెక్రటరీ ఇంట్లో పెట్టారు. సెక్రటరీకి కార్ల షోరూం ఉంది. ఆయన హాల్లో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, మొదటి అంతస్తు పిన్నిగారు స్వెటరు వేసుకుని మరీ వచ్చింది. ఆ చలిలో ముడుచుకుని కూర్చుని ఎండలు ఎంత ఘోరంగా ఉన్నాయో అందరూ కాసేపు చెప్పుకున్నారు.

"రేకు తీసెయ్యాలి. అమ్మకి ఊపిరాడట్లేదు," అంది కూతురు.

"అయ్యో, రేకు తీస్తే ఎలాగమ్మా? అది వేశాకే కదా బట్టలు ఇట్టే ఆరిపోతున్నాయి! ఇలా ఆరేసి అలా తీసుకుంటున్నా. అంతా మాస్టారి పుణ్యం," అంది పిన్నిగారు.

"పోనీ మధ్యాహ్నం పూట ఏసీలైనా ఆపండి."

"మేం ఒక్కళ్ళం ఆపితే ఏం ఒరుగుతుంది? అందరూ ఆపితే నేనూ ఆపుతా," అన్నాడు సెక్రటరీ. అదే మాట పిన్నిగారూ అంది. అందరూ అదే మాట అన్నారు. అన్నాక ఏదో పెద్ద త్యాగం చేసినట్టు నిట్టూర్చి కాఫీలు తాగారు.

"నాన్నా, మీరు చెప్పండి," అంది కూతురు.

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నాడు. "విషయాన్ని లోతుగా అధ్యయనం చెయ్యాలి. ఒక కమిటీ వేద్దాం." కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. డాబా తాళంచెవి సెక్రటరీ దగ్గర ఉంటుంది. కమిటీ తేల్చేదాకా అది ఇచ్చేది లేదన్నాడాయన. ఆ కమిటీ ఒక్కసారి కూడా కూర్చోలేదని వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత వారంలోనే షాపుకి ఆయా ఫోను చేసింది. "అక్కా, అమ్మగారు కళ్ళు తెరవట్లేదు. ఒళ్ళు పెనంలా ఉంది. చెమట కూడా పట్టట్లేదు. తొందరగా రండి."

కూతురు పరుగున వెళ్ళి తల్లిని ఆస్పత్రిలో చేర్చింది. సెలైను ఎక్కిస్తున్నారు, తడిబట్టలు కప్పుతున్నారు. తండ్రికి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. ఆయన రోజూ పొద్దున్నే టిఫిను తిని 'చదువుకోవాలి' అని క్లబ్బుకి వెళ్ళి, ఎండ దిగాక గానీ ఇంటికి రాడు. ఆస్పత్రికి ఎదురుగానే క్లబ్బు. తల్లి దగ్గర ఆయాని కూర్చోబెట్టి కూతురు అక్కడికి వెళ్ళింది.

రీడింగ్ రూం తలుపు తీసేసరికి చల్లటి గాలి మొహాన కొట్టింది. మాస్టారు ఏసీకి ఎదురుగా మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి, మొహం మీద పేపరు కప్పుకుని గురక పెడుతున్నాడు. చలికి కాబోలు, కాళ్ళ మీద తువ్వాలు కప్పుకున్నాడు. ఇంట్లో ఏసీ లేని మహాత్ముడు ఎండాకాలమంతా ఎక్కడ తపస్సు చేస్తున్నాడో కూతురికి అప్పుడు తెలిసింది. ఆమె చాలాసేపు ఆ పేపరు పైకీ కిందికీ ఊగడం చూస్తూ నిలబడింది. తండ్రి అంటే అంత అసహ్యం ఆమెకి ఎప్పుడూ వెయ్యలేదు.

"లేవండి నాన్నా. అమ్మ ఆస్పత్రిలో ఉంది."

తల్లి గండం గడిచింది. డాక్టరు మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు. "ఇంకోసారి ఇలా అయితే ఇక్కడిదాకా తీసుకురావాల్సిన పని ఉండదు. ఆ గది మార్చండి." మాస్టారు తల పంకించి, "అసలు సమస్య ఎక్కడుందంటే డాక్టరుగారూ, ధ్రువాల దగ్గర మంచు..." అని మొదలుపెట్టాడు. డాక్టరు వాచీ చూసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మాస్టారు మామూలుగానే క్లబ్బుకి వెళ్ళాడు. కూతురు షాపుకి రెండు రోజులు సెలవు పెట్టింది. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. షాపులో సరుకు దింపే ఇద్దర్ని పిలిచి, ఆయాతో కలిసి ముందుగది మొత్తం ఖాళీ చేసింది. షీల్డులు, గ్లోబు, గాజుపెట్టెలు, మాస్టారి కుర్చీ, మాస్టారి మంచం అన్నీ వెనకగదికి వెళ్ళాయి. తల్లి మంచం బాల్కనీ పక్కకి వచ్చింది. సాయంత్రం ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి పడుకోబెడితే, తల్లి బాల్కనీ వైపు మొహం తిప్పి గాలికి కళ్ళు మూసుకుంది.

మాస్టారు వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. "ఏంటిది? నా గది ఏమైంది?"

"మీ గది వెనక ఉంది."

నోరు చేసుకుందామనుకున్నాడు గానీ, అప్పటికే పరామర్శకని వచ్చిన పిన్నిగారు తల్లి పక్కన కూర్చుని ఉంది. పదిమందిలో మంచివాడు అనిపించుకునే జబ్బు ఉన్నవాడికి పప్పులుడకని చోటు అదే. "నేనే మార్చమన్నాను," అన్నాడు పిన్నిగారితో. ఆ రాత్రికి డాబా మెట్ల మీద పక్క వేసుకున్నాడు.

పొద్దున్నే క్లబ్బుకి వెళ్ళిన మనిషి పావుగంటలో తిరిగొచ్చాడు. రీడింగ్ రూంలో ఏసీ పాడైందట. బాగయ్యేదాకా గది మూసేశారట. ముందుగదిలో ఆయా తలుపు వేసి తల్లికి ఒళ్ళు తుడుస్తోంది. మెట్ల మీదికి అప్పుడే ఎండ వచ్చేసింది. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. మాస్టారు గత్యంతరం లేక వెనకగదిలోకి వెళ్ళి షీల్డుల మధ్య కూర్చున్నాడు.

భోజనాలయ్యాయి. కింద ఇళ్ళల్లో ఒక్కొక్కటిగా ఏసీలు గుర్రుమన్నాయి. కూతురు వంటింట్లో గిన్నెలు సర్దుతూ వింటోంది. ముందు కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత కిటికీ తీసిన చప్పుడు. వెంటనే దాన్ని దబ్బున మూసిన చప్పుడు. ఫ్యాను జోరు పెంచిన చప్పుడు. మళ్ళీ కుర్చీ. ఆమె చెయ్యి తుడుచుకుని ఎదురుచూసింది.

మాస్టారు బయటికొచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మొహం కందగడ్డలా ఉంది.

"అమ్మాయ్, అసలు ఆ గదిలో మనిషన్నవాడు ఉండగలడా?"

"అమ్మ ఉంది నాన్నా."

ఆయన ఆ మాట విన్నట్టు కనపడలేదు. "ఇంత ఘోరంగా ఉందని ముందే చెప్పొద్దూ!" అని కూతుర్నే కసిరి, గబగబా మెట్లు దిగి సెక్రటరీ తలుపు బాదాడు.

"తాళంచెవి ఇవ్వండి. రేకు తీసెయ్యాలి."

"అదేంటి మాస్టారూ, కమిటీ..."

"కమిటీ లేదు, గిమిటీ లేదు! మనిషి ఉడికిపోతుంటే కమిటీ ఏమిటండీ!"

సంఘం మీటింగు పెట్టి కూడా తేల్చలేనిది మాస్టారి తోలు ఒక్క మధ్యాహ్నంలో తేల్చేసింది. ఆయనే స్వయంగా డాబా ఎక్కి, స్క్రూడ్రైవరు పట్టుకుని, లప్పం గీకి, మరలు ఊడదీశాడు. చప్పుడికి జనం పోగయ్యారు. రేకు పక్కకి జరగ్గానే సందులోంచి వేడి సెగ పైకి తన్నింది. మాస్టారు తుళ్ళిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. మరుక్షణం చుట్టూ జనాన్ని చూశాడు. అలవాటైన చెయ్యి దానంతటదే లేచింది.

"చూశారా! ఇదే నేను ఇన్నేళ్ళుగా చెబుతున్నది! ఎవరో వచ్చి తీస్తారని కూర్చోకూడదు. మరి ఈ మూత తీసేదెవరు?"

"మనమే!" అన్నారు అంతా. చప్పట్లు కొట్టారు. సెక్రటరీ ఫోటో తీశాడు. పిన్నిగారు ఆరేసిన బట్టల సంగతి గుర్తొచ్చి కాస్త మొహం ముడుచుకుంది. ఒక్కళ్ళు కూడా ఇంటికెళ్ళి ఏసీ ఆపలేదు.

సాయంత్రానికి వెనకగది మామూలు గదుల్లా అయింది. కొవ్వొత్తి మాత్రం వంగినది వంగినట్టే ఉంది. మాస్టారు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ముందుగదిలోకి వచ్చాడు. మంచం మీద భార్య, పక్కన స్పూనుతో జావ పడుతున్న కూతురు. ఆయన మొహంలో అలసటా, గొప్పా కలిసి వెలుగుతున్నాయి.

"చూశావా, తీసేశాను," అన్నాడు భార్యతో. ఆవిడ కళ్ళు ఆయన మీదికి తిరిగాయి. "నా ఇంట్లోంచే మార్పు మొదలైందని అందరూ ఒకటే పొగడ్తలు. ఆదివారం అవార్డు కమిటీ వాళ్ళు ఇంటికొస్తామన్నారు. ఈ మూత సంగతి చెబితే ఈసారి పెద్ద షీల్డు ఖాయం." గది నాలుగువైపులా చూసుకున్నాడు. "అమ్మాయ్, వెనకగది ఇప్పుడు హాయిగా ఉంది కదా. రేపు మీ అమ్మ మంచం అటు మార్చెయ్. నా షీల్డులు మళ్ళీ ఇక్కడ సర్దాలి."

కూతురి చేతిలో స్పూను ఆగిపోయింది. అనాల్సిన మాటలు గొంతుదాకా వచ్చాయి. అంతలో తల్లి పెదవులు కదలడం చూసి ఆమె నోరు మూసుకుంది. తల్లి ఎడమచెయ్యి దుప్పటిని బిగించి పట్టుకుంది. కింది పెదవి వణికింది. ఎప్పుడూ వచ్చినట్టే గాలి వచ్చింది. ఈసారి గాలి వెనకే మాట కూడా వచ్చింది.

"ఛీ."

తడబాటు లేదు, నత్తి లేదు. బాల్కనీలోకి కూడా వినపడేంత స్పష్టంగా వచ్చింది.

మాస్టారు బిత్తరపోయి కూతురి వైపు చూశాడు. "ఏమంది? ఏమంటోంది మీ అమ్మ?"

"మాట వచ్చింది నాన్నా," అంది కూతురు. నవ్వు ఆపుకోలేక జావగిన్నె పక్కన పెట్టింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. "డాక్టరమ్మ చెప్పింది కదా, ముందు చిన్న మాటలు వస్తాయని."

మాస్టారు ఏదో అనబోయాడు. వచ్చిన మాట మళ్ళీ పోతుందేమోనని భయపడ్డట్టు, మంచం మీది మనిషి ఆయన్నే చూస్తూ ఇంకోసారి అంది.